డ్రాగన్ వేట, పంపకపు నీతి: వర్చువల్ ప్రపంచంలో సమష్టి శ్రమ

1999 మార్చిలో విడుదలైన ‘ఎవర్‌క్వెస్ట్’ అనే ఆన్‌లైన్ క్రీడ వేలాది మందిని ఉమ్మడి వర్చువల్ ప్రపంచాల్లోకి చేర్చింది. అందులోని డ్రాగన్లను ఒంటరిగా జయించడం సాధ్యమయ్యేది కాదు. దెబ్బలు కాచేవారు, గాయాలు మాన్పేవారు, దాడి చేసేవారు అనే శ్రమవిభజనతో పదుల సంఖ్యలో ఆటగాళ్లు కలిసి పోరాడేవారు. గెలిచాక దొరికే విలువైన వస్తువులు మాత్రం కొన్నే. అందరి శ్రమఫలం ఎవరికి చెందాలన్న వివాదం ఇక్కడే పుట్టింది.

దీనికి పరిష్కారం ఆట నిర్మాతల నుంచి కాక, ఆటగాళ్ల నుంచి వచ్చింది. అదే ఏడాది ‘ఆఫ్టర్‌లైఫ్’ అనే గిల్డ్‌లో ‘డ్రాగన్ కిల్ పాయింట్స్’ పద్ధతి రూపుదిద్దుకుంది. వేటలో పాల్గొన్న సభ్యుని ఖాతాలో పాయింట్లు జమ అయ్యేవి. వస్తువు తీసుకుంటే తగ్గేవి. ఈ రోజు వట్టి చేతులతో వెనుదిరిగినవారు తమ వంతు కోసం మళ్లీ రావడానికి ఈ ఖాతాయే ఆధారమైంది. 2004లో విడుదలైన ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’లో 40 మంది సభ్యుల బృందాలు కూడా ఈ పద్ధతిని అనుసరించాయి.

అయితే ఈ లెక్క ప్రధానంగా హాజరుకే విలువ కట్టింది. తీరిక ఉన్నవారికి పాయింట్లు పోగయ్యాయి, కొత్తవారు వెనుకబడ్డారు. సాధారణంగా ఒక గిల్డ్ పాయింట్లు మరో గిల్డ్‌లో చెల్లకపోవడంతో, బృందాన్ని వీడేవారు తమ గత శ్రమనంతా వదులుకోవలసి వచ్చేది. సభ్యుల మధ్య విశ్వాసాన్ని నిలిపిన ఖాతాయే వారిని కట్టిపడేసే బంధనం కూడా అయింది.