పళ్ళ సందులో చిగురు: అసలు లెక్క ఎక్కడ తేలింది?

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చే రైతుల నోటా, బస్తాలు మోసే హమాలీల నోటా నేను పదేపదే విన్న మాట ఒకటుంది: “పండ్లు క్లీన్ చేపిస్తే సందులు పడ్తయ్.” దానికి జోడీగా పట్నంలో ఇంకో మాట నడుస్తోంది. సందుల్లో పోయిన చిగురును కోత లేకుండా తిరిగి తెప్పించడం ఈమధ్య వచ్చిన జెల్ ఇంజెక్షన్ల ఘనతేనట. ఈ చికిత్సల చరిత్రను కాస్త ఓపికగా చూస్తే రెండు మాటలూ నిలబడవు.

సుశ్రుతుడు దంతమూలానికి 15 రోగాలు లెక్కగట్టాడు. వాటిలో శీతాదం అనేదానికి నెత్తురు కారడం, చిగురు మెత్తబడి రాలిపోవడం లక్షణాలన్నాడు. రాలిన చిగురును మళ్ళీ మొలిపించే ఉపాయం మాత్రం ఆనాడు ఎవరి దగ్గరా లేదు. అమెరికాలో జాన్ రిగ్స్ అనే దంతవైద్యుడు 1876 నాటికే చిగురు కోయడాన్ని వ్యతిరేకించి, పంటి వేరుకు పట్టిన గారను గీకి తీస్తే చాలని వాదించాడు. ఆయన మాట వెనకబడింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు జబ్బుపడ్డ చిగురును కోసి తీసేయడమే చికిత్సగా సాగింది. ముందు పళ్ళ సందులు బోసిపోవడంలో ఆ చికిత్సకూ వాటా ఉంది.

హైదరాబాద్ ప్రభుత్వ దంత వైద్య కళాశాల మొదలైన 1959లోనే, కోహెన్ అనే పరిశోధకుడు సందు చిగురు ఆకారాన్ని వివరించాడు. బయటికి ముక్కోణంలా కనిపించే ఈ చిగురుకు పెదవి వైపు ఒక శిఖరం, నాలుక వైపు ఒక శిఖరం, నడుమ ఒక పల్లం ఉంటాయి. ఆ పల్లం మీది పొర పలచన, పాచి చేరితే ముందు దెబ్బతినేది అదే.

నా దృష్టిలో అసలు కథ 1985 నుంచి 1998 వరకు నడిచింది. 1985లో షాపిరో అనే దంతవైద్యుడు, పుండుపడి సందు చిగుళ్ళు కోల్పోయినవారికి కత్తి వాడలేదు. అదే చోట మళ్ళీ మళ్ళీ మెల్లగా గీకుతూ, చిగురును తిరిగి పెరిగేలా పురిగొల్పాడు. నెలల తర్వాత కొన్ని సందులు పూర్తిగా నిండాయి, కొన్ని అసలు స్పందించలేదు. ఈ తేడా ఎందుకొచ్చింది?

దానికి దగ్గరి సమాధానం 1992లో టార్నో, ఆయన సహచరులు 30 మందిలో 288 సందులు కొలిచినప్పుడు దొరికింది. రెండు పళ్ళు ఆనుకునే చోటి నుంచి ఎముక అంచు దాకా దూరం 5 మిల్లీమీటర్లు ఉంటే 98 శాతం సందుల్లో చిగురు నిండుగా ఉంది. 6 అయితే 56 శాతం, 7 అయితే 27 శాతం. ఒక్క మిల్లీమీటరుకే ఇంత పతనం! అయితే ఇది ఉన్న స్థితిని కొలిచిన లెక్క, చికిత్స ఫలితాల లెక్క కాదు. పంటి ఆకారం, వేర్ల మధ్య ఎడం, చిగురు మందం కూడా లెక్కలోకి రావాలి. 1992లోనే బీగల్, 1996లో హాన్, టకై శస్త్రచికిత్స పద్ధతులు ప్రతిపాదించారు. కానీ ఆ కాస్త కండకు నెత్తురు చేరే దారి ఇరుకు, అందుకే ఫలితాన్ని ముందుగా నమ్మకంగా చెప్పడం కష్టం. 1998లో నార్డ్‌లండ్, టార్నో ఈ నష్టానికి తరగతులు ఏర్పరిచారు.

ఈ లెక్కలోంచి వచ్చిన ఉపాయాన్ని మన చర్చల్లో ఎవరూ గట్టిగా చెప్పరు. చిగురును పళ్ళు కలిసే చోటికి లాగనక్కర్లేదు, ఆ చోటునే చిగురు దగ్గరికి జరపవచ్చు. పంటి పక్కన కాంపోజిట్ పూత వేసి గానీ, పక్కలు కాస్త అరగదీసి తీగతో దగ్గరికి లాగి గానీ ఆ పని చేస్తారు. దూరం తగ్గిందంటే చిగురుకు నిండే అవకాశం పెరుగుతుంది. సున్నితమైన చికిత్స అనే పేరు నేను ముందుగా దీనికే ఇస్తాను.

ఇక జెల్ సంగతి. 2010లో బెకర్ బృందం 11 మందిలో 14 సందుల్లో హయలురానిక్ ఆమ్లం జెల్ ఎక్కించి మెరుగు చూపింది. పోల్చడానికి మరో గుంపు లేని తొలి ప్రయత్నమది. 2017లో ఇంప్లాంట్ పళ్ళ పక్కన ఉప్పునీటి ఇంజెక్షన్‌తో పోల్చి పరీక్షిస్తే చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. సొంత పళ్ళ దగ్గర లాభం చూపిన పరీక్షలూ ఉన్నాయి, కాదనను. అయినా ఆ జెల్ నెలల్లో శరీరంలో కరిగిపోయేది. ఎముక కొలవకుండా, పాచి తీయకుండా ఇంజెక్షన్ వేసి డబ్బు తీసుకోవడం నాకు తప్పుగానే తోస్తుంది.

మార్కెట్ మాటకూ జవాబు ఇక్కడే ఉంది. క్లీనింగ్ సందులను పుట్టించదు. ఎముక ఎప్పుడో తగ్గింది. ఆ ఖాళీని గార నింపింది, వాపు కప్పింది. గార పోయి వాపు తీయగానే సందు బయటపడింది. పొగ తాగడం చిగుళ్ళ నెత్తురు కారడాన్ని అణచిపెడుతుంది కాబట్టి ఆ అలవాటున్నవారికి ఈ జబ్బు ఇంకా ఆలస్యంగా తెలుస్తుంది. అందుకే హమాలీ అన్నలకూ, రైతన్నలకూ నాదొక మనవి. పొగాకు మానండి. సందుల్లో చీపురుపుల్ల పెట్టకుండా సందు బ్రష్ వాడండి. చికిత్సకు ఒప్పుకునే ముందు “ఎముక ఎంత దూరంలో ఉంది?” అని డాక్టరును అడగండి.