రాజధాని తరలిపోయిన ఊరు

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది. టంగుటూరి ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి, మా కర్నూలు రాజధాని. మద్రాసు నుంచి ఉద్యోగులు పెట్టేబేడాతో దిగారు. ఊళ్లో ఇళ్లు చాలక ఆఫీసులకూ, కాపురాలకూ గుడారాలు వేశారు. పాతబస్తీలో మా జేజినాయన రెండు గదులు ఒక గుమాస్తా కుటుంబానికి అద్దెకిచ్చి, తాను వసారాలో పడుకున్నాడు. ఆ అద్దె డబ్బులు మా మేనత్త పెళ్లికి ఆసరా అయ్యాయి.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించింది. ఆంధ్ర, హైదరాబాదు రాష్ట్రాల సచివాలయాలు హైదరాబాదులో ఒక్కటయ్యాయి. గుంటూరులో 1954లో మొదలైన హైకోర్టూ అక్కడికే చేరింది. ఫైళ్ల వెంట గుమాస్తాలు వెళ్లారు, వాళ్ల వెంట జీతాలూ వెళ్లాయి. మా గదులు ఖాళీ అయ్యాయి. కాఫీ హోటలుకు, చాకలికి, పాలు పోసేవాళ్లకు నెల మొదట్లో వచ్చే రాబడి పడిపోయిందని జేజినాయన బాధగా చెప్పేవాడు.

తెలుగువాళ్లంతా ఒకే రాష్ట్రంగా ఉండే విశాలాంధ్రను అప్పుడు ఎందరో మనస్ఫూర్తిగా కోరుకున్నారు. ఆ కోరికను నేను తప్పుపట్టను. కానీ కార్యాలయాలను ఒకచోటికి చేర్చేటప్పుడు ఆదా అయ్యే ఖర్చుతో పాటు, వదిలి వెళ్లే ఊరి కూలీనీ, అద్దెనూ, అంగడి బేరాన్నీ కూడా లెక్కలో వేయాలి. ఆ ఊరికి బదులుగా ఏమిస్తారో ముందే చెప్పాలి.