కూచిపూడి కడలి దాటిన కథ

కూచిపూడికి ఆమడ దూరంలో చదువుకున్నవాళ్లం మనం. అయినా ఆ నాట్యం గురించి నాకు కాస్తో కూస్తో తెలిసింది న్యూజెర్సీ వచ్చాకే. మా అమ్మాయిని పదేళ్లపాటు శనివారం క్లాసుకు దింపి, బయట కారులో కూర్చుని చదివినదీ, పెద్దలను అడిగి తెలుసుకున్నదీ ఇక్కడ రాస్తున్నాను.

1965లో అమెరికా వలస చట్టం మారి, దేశాలవారీ కోటాలు పోయాయి. ఆ తర్వాత వచ్చిన మనవాళ్లలో డాక్టర్లు, ఇంజనీర్లే ఎక్కువ. 1976లో పిట్స్‌బర్గ్‌లో వేంకటేశ్వరస్వామి గుడి వెలిసింది. 1977లో తానా తొలి మహాసభ జరిగింది. వేదికలైతే వచ్చాయి, మరి ఆడేదెవరు? చిన్నప్పుడు నాట్యం నేర్చుకుని, పెళ్లయి ఇక్కడికొచ్చిన గృహిణులే చాలాచోట్ల తొలి గురువులు. ఇంటి బేస్‌మెంటే బడి, క్యాసెట్టే వాద్యబృందం. (కాంక్రీటు నేల మీద అడుగులు వేయిస్తే పిల్లల మోకాళ్లు ఏమవుతాయో ఇంజనీరుగా నాకు దిగులే. చెక్క పరిచిన నేల తర్వాతెప్పుడో వచ్చింది.)

వాళ్లు తెచ్చిన పాఠం చాలావరకు మద్రాసుది. ఊళ్లో కూచిపూడి మగవాళ్ల కళ, తెల్లవార్లూ సాగే ఆట. వేషగాడే పాడాలి, మాట్లాడాలి, ఆడాలి. సత్యభామ అంటే వేదాంతం సత్యనారాయణ శర్మగారే. ఆడపిల్లలకు నేర్పే దారి వేసినవారిలో వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రిగారు ముఖ్యులు. వెంపటి చినసత్యంగారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి, అడుగులకు ఒక వరుస కూర్చి, ఎవరైనా క్రమంగా నేర్చుకునేలా చేశారు. ఆ వరుసే లేకపోతే వారానికి ఒక్క గంటలో, అదీ అమెరికాలో, నేర్పడం అయ్యే పని కాదు.

ఈ ప్రయాణంలో చిక్కిపోయింది వాచికం. మా అమ్మాయి రంగప్రవేశంలో భామాకలాపం ఉంది. తెర పట్టుకున్న ఇద్దరు తండ్రుల్లో నేనొకణ్ణి. తెర మీదుగా జడ వేయడం సత్యభామ సవాలు అని నాకు తెలుసు. హాల్లో సగంమంది పిల్లలకు తెలియదు. మా అమ్మాయి కూడా మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని బట్టీ పట్టింది.

2008లో కూపర్టినోలో సిలికానాంధ్ర కూచిపూడి సమ్మేళనం జరిపింది. 2010 డిసెంబరులో గచ్చిబౌలి స్టేడియంలో 2,800 మందికి పైగా ఒకేసారి ఆడారు. చూడముచ్చటే, కాదనను. కానీ అంతమందిలో భామ మాటలు సొంత గొంతుతో చెప్పగలిగేవాళ్లు ఎందరన్న ప్రశ్న నన్ను వదల్లేదు.

ఇప్పుడు మా అమ్మాయే ఆరుగురికి నేర్పుతోంది. వాళ్లలో ఇద్దరి ఇళ్లల్లో తెలుగే లేదు. క్లాసులో మొదటి పావుగంట గజ్జెలు పక్కన పెట్టించి, సత్యభామకూ మాధవికీ మధ్య సంభాషణ వాళ్లచేత పలికిస్తోంది. "మాధవీ" అన్నమాట ఒక్కటే ఇరవైసార్లు చెప్పిస్తుంది, కోపంగా ఒకసారి, బతిమాలుతూ ఒకసారి.