జానీ హైడ్ లేని మార్లిన్

1962 ఆగస్టులో, 36 ఏళ్లకే, మార్లిన్ మన్రో కన్నుమూసింది. ఆ ముగింపు ముందే తెలిసిన మనకు ఆమె తొలినాళ్ల కథలో మంచి రోజులే ఎక్కువ భయపెడతాయి. అన్నిటికన్నా భయపెట్టేది 1950 డిసెంబరు.

అంతకు నాలుగేళ్ల ముందు నార్మా జీన్ అనే పిల్ల మార్లిన్ మన్రో అని కొత్త పేరు పెట్టుకుని ఫాక్స్ స్టూడియోలో అడుగుపెట్టింది. ఏడాది తిరిగేసరికి ఇక చాలన్నారు. తర్వాత కొలంబియా వాళ్లు తీసుకున్నారు, ఆర్నెల్లకు వాళ్లూ వద్దన్నారు. ఆమె తరఫున తిరిగే ఏజెంటు అప్పటికే ఉన్నాడు. కానీ కబురు పెడితే స్టూడియో పెద్దలు కాదనలేని మనిషి, ఈ పిల్ల తార అయి తీరుతుందని ప్రాణం పెట్టి నమ్మిన మనిషి జానీ హైడే మొదటివాడు. రష్యాలో పుట్టి, విలియం మోరిస్ ఏజెన్సీలో ఉపాధ్యక్షుడి దాకా ఎదిగిన పొట్టి మనిషి. వయసు యాభై దాటింది. గుండె అప్పటికే పాడైంది.

జాన్ హ్యూస్టన్ తీస్తున్న ‘ది అస్ఫాల్ట్ జంగిల్’లో వేషానికి ఆమెను పరీక్షించేలా చేసింది ఆయనే. ఆ దృశ్యంలో అమ్మాయి సోఫాలో పడుకుని మాట్లాడాలి. గదిలో సోఫా లేదు. మార్లిన్ నేల మీదే పడుకుని మాటలు అప్పజెప్పింది. తనకే తృప్తి కలగక, ఇంకొక్కసారి చెబుతానని బతిమాలింది. వేషం దొరికింది. 1950లోనే ‘ఆల్ అబౌట్ ఈవ్’ సినిమా కూడా. ఒకసారి వెళ్లగొట్టిన ఫాక్స్‌తోనే ఏడేళ్ల కాంట్రాక్టు కూడా కుదిర్చిపెట్టాడు.

ఆయన ఆమెను ప్రేమించాడు. పెళ్లాడమని పదే పదే అడిగాడు. నేను పోతే నా ఆస్తిలో నీకు భాగం ఉంటుందన్నాడు. అభిమానమే తప్ప ఆ ప్రేమ తనలో లేదని చెప్పి ఆమె పెళ్లికి ఒప్పుకోలేదు. దిక్కూ మొక్కూ లేకుండా పెరిగిన పిల్ల డబ్బు కోసం అబద్ధమాడలేదు. ఆ నిజాయితీని తలచుకుంటే నాకు గర్వమూ కలుగుతుంది, కడుపులో దేవినట్టూ అవుతుంది. ఆయనైనా గుండెను కాస్త కనిపెట్టుకుని ఉంటే! ఆమె కోసం ఆ ఒక్క ఏడాదీ తిరగడం తగ్గించి ఉంటే!

డిసెంబరు 18న గుండెపోటుతో హైడ్ పోయాడు. కాంట్రాక్టు కుదిరి ఎన్నాళ్లో కాలేదు. ఆయన కుటుంబీకుల దుఃఖంలో ఆమెకు చోటు లేకపోయింది. అయినా అంత్యక్రియలకు వెళ్లింది, వెక్కి వెక్కి ఏడ్చింది.

కొత్త నటికి తలుపు తెరిపించడం ఏజెంటు పనిలో సగమే. లోపలికి వెళ్లాక ఆమె విలువ పెరిగిన ప్రతిసారీ ఆ మాట యజమానులకు గుర్తుచేసేవాడు కావాలి. ఆమెకు తర్వాత వేరే ఏజెంట్లు వచ్చారు. కానీ అడగకముందే ఆమె అవసరం కనిపెట్టే మనిషి మళ్లీ రాలేదు. హైడ్ రక్షగా కట్టిన కాగితమే, ఆయన పోయాక, ఆమె కాలికి సంకెల అయింది. 1953లో ‘జెంటిల్మెన్ ప్రిఫర్ బ్లాండ్స్’ వచ్చింది. చనిపోయే ముందు లైఫ్ పత్రికతో మాట్లాడుతూ ఆమె ఆ రోజులు తలచుకుంది. ఆ సినిమాలో తోటి నటి జేన్ రస్సెల్‌కు 2 లక్షల డాలర్లు, తనకు వారానికి 500. పేరులోని బ్లాండ్, అంటే బంగారు జుట్టు పిల్ల, వేషం తనదే అయినా విడిగా డ్రెస్సింగ్ రూమ్ ఇవ్వలేదట. అదీ ఆమే నోరు తెరిచి అడగాల్సి వచ్చింది.