ఒక కంటికి తెలుపు, ఒక కంటికి పసుపు

"ఒరేయ్, ఈ గోడకి సున్నం ఎప్పుడు వేయించార్రా?" కుడికంటి శుక్లం ఆపరేషనైన నాలుగో రోజు అమ్మమ్మ అడిగింది. మేం వేయించలేదు. ఎడమ కన్ను మూస్తే గోడ తెల్లగా, కుడి కన్ను మూస్తే పసుపుగా కనిపిస్తోందట. కాఫీ గ్లాసు బయట పోసేది, మెట్టు ఒకటి తక్కువ లెక్కేసేది. "అంతా నీ చాదస్తం, రెండోది కూడా అయిపోతే సర్దుకుంటుంది" అని విసుక్కున్నాను. ఆ రాత్రే నెట్లో వెతుకుతుంటే ఒక చిత్రకారుడు దొరికాడు.

క్లాడ్ మోనే. కలువపూల బొమ్మల ఫ్రెంచి పెద్దాయన. 1912లో రెండు కళ్లలోనూ శుక్లాలున్నాయని తేలింది. భయంతో పదేళ్లు వాయిదా వేశాడు. చివరికి స్నేహితుడు, మాజీ ప్రధాని, చదువు ప్రకారం డాక్టరూ అయిన క్లెమెన్సో పోరగా పోరగా 1923 జనవరిలో డాక్టర్ కుటెలా కుడి కంటికి ఆపరేషన్ చేశాడు. అప్పుడాయనకి 82 ఏళ్లు.

అసలు కష్టం అక్కడ మొదలైంది. వయసుతో కంటిలోని కటకం పసుపెక్కి నీలాన్ని వడకట్టేస్తుంది. అది తీసేసిన కంటికి నీలం వరదలా వస్తుంది. ఒక కన్ను పసుపు, ఒక కన్ను నీలం! రంగులే బతుకైన మనిషికి ఇంతకన్నా నరకం ఏముంటుంది?

రంగుల సంగతి అటుంచితే సైజు ఇంకో గొడవ. అప్పట్లో కటకం తీసేసి సోడాబుడ్డి కళ్లజోడు ఇచ్చేవారు. దాంతో ఆ కంటికి బొమ్మ సుమారు పాతిక శాతం పెద్దగా కనిపిస్తుంది. పెద్దదాన్నీ చిన్నదాన్నీ మెదడు ఒకటిగా కలపలేదు, రెండేసి కనిపిస్తాయి. అందుకే మోనే ఎడమ కంటిని మూసేసే అద్దం పెట్టుకున్నాడు. ఆ కంటికి ఆపరేషన్ మాత్రం ఒప్పుకోకుండానే 1926లో పోయాడు.

దీనికి మందు యుద్ధంలోంచి వచ్చింది. రెండో ప్రపంచయుద్ధంలో విమానాల అద్దం పగిలి, ఆ ప్లాస్టిక్ ముక్కలు పైలట్ల కళ్లలో గుచ్చుకున్నా కన్ను వాటిని పెద్దగా తిరస్కరించలేదని హెరాల్డ్ రిడ్లీ గమనించాడు. 1949 నవంబరు 29న లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో అదే రకం ప్లాస్టిక్‌తో చేసిన లెన్స్‌ని కంటి లోపలే పెట్టాడు. పవర్ లెక్క తప్పి ఆ మొదటి పేషెంటుకి దూరం సరిగా కనపడలేదు (ఫస్ట్ రిలీజులో బగ్ లేనిదెక్కడ?). తోటి డాక్టర్లు ఆయన్ని చాలా ఏళ్లు ఏకిపారేశారు. ఆయనకి సర్ బిరుదు వచ్చింది 2000లో, 93 ఏళ్ల వయసులో!

అమ్మమ్మకి లోపల పెట్టింది రిడ్లీ లెన్స్‌ వారసుడే. కాకపోతే ఆమెది మొదట్నుంచీ మైనస్ ఏడు చూపు. కుడి కన్ను సున్నాకి వచ్చింది, ఎడమది ఏడులోనే ఉంది. పాత జోడు పెడితే కుడి కన్ను మసక, తీస్తే ఎడమది మసక. డాక్టర్ని అడిగితే జోడు తీసేయమన్నారు. దూరానికి కొత్త కన్ను, పుస్తకం ముక్కు దగ్గర పెట్టుకుని చదవడానికి పాత కన్ను. మెట్ల దగ్గర మాత్రం చెయ్యి పట్టుకోవాలి.

మోనే కథ చెప్పి, "నీది చాదస్తం కాదే, నాదే తప్పు" అన్నాను. అంతా విని, "పాపం, ఆయనకి మెట్ల దగ్గర చెయ్యి పట్టుకునేవాళ్లు ఉన్నారా?" అంది.

మీ ఇంట్లో ఎవరైనా రెండు ఆపరేషన్ల మధ్య ఉన్నారా? గోడ రంగు గురించి అడిగితే విసుక్కోకండి.