2004 జక్కూరు విమాన ప్రమాదం

2004 ఏప్రిల్ 17న బెంగళూరు శివారులోని జక్కూరు నుంచి కరీంనగర్ ఎన్నికల ప్రచారానికి బయల్దేరిన చిన్న విమానం కాసేపటికే కూలిపోయింది. సినీనటి సౌందర్య, ఆమె సోదరుడు అమర్‌నాథ్, ఒక బీజేపీ కార్యకర్త, పైలట్ మరణించారు. ప్రమాదం కర్ణాటకలో జరిగినా, ఆమె రావలసింది ఉమ్మడి కరీంనగర్ జిల్లాకు. రామగుండం, గోదావరిఖని బొగ్గుగనులు అప్పట్లో ఆ జిల్లాలోనివే.

2003 అక్టోబరులో అలిపిరి దాడి నుంచి బయటపడ్డ అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు శాసనసభను రద్దు చేయించి ముందస్తు ఎన్నికలకు వెళ్లారు. టీడీపీ, బీజేపీ ఒక జట్టు. కాంగ్రెస్, టీఆర్ఎస్, వామపక్షాలు మరో జట్టు. కరీంనగర్ లోక్‌సభ స్థానంలో కేంద్ర సహాయమంత్రి సి.హెచ్. విద్యాసాగర్‌రావుపై కె. చంద్రశేఖర్‌రావు పోటీకి దిగారు. గోదావరిఖని పక్కనున్న పెద్దపల్లి స్థానం కిందికి వచ్చేది. ఈ సింగరేణి బొగ్గుగనుల ప్రాంతంలో ప్రచారమంటే షిఫ్టు మారే వేళ బావుల ముందు గేట్ మీటింగులు, సాయంత్రం బహిరంగ సభలు. పోలింగ్ ఏప్రిల్ 20న, అంటే 18 సాయంత్రానికే మైకులు మూగబోవాలి. బెంగళూరు నుంచి కరీంనగర్‌కు రోడ్డు మీద ఏడు వందల కిలోమీటర్లకు పైనే. అందుకే చిన్న విమానం.

ఎన్నికల ముందే బీజేపీలో చేరిన సౌందర్య ‘అమ్మోరు’, ‘పవిత్రబంధం’, ‘అంతఃపురం’ చిత్రాలతో తెలుగు ఇళ్లలో సొంత మనిషైపోయిన నటి. ఆమె నిర్మించిన కన్నడ చిత్రం ‘ద్వీప’ జాతీయ ఉత్తమ చిత్రంగా స్వర్ణకమలం అందుకుంది.

ఆ విమానం సెస్నా 180: ఒకే ఇంజను, నాలుగు సీట్లు. ఉదయం పదకొండు దాటాక లేచి, వంద అడుగుల ఎత్తులోనే పక్కకు తిరిగి, వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి గాంధీ కృషి విజ్ఞాన కేంద్రం ఆవరణలో పడి మంటల్లో చిక్కుకుంది. పడేముందు అది అటూ ఇటూ ఊగిందని, కాపాడేందుకు పరుగెత్తిన విశ్వవిద్యాలయ ఉద్యోగి చెప్పారు. అంత తక్కువ ఎత్తులో పట్టు తప్పితే ఎంతటి పైలట్‌కైనా సరిదిద్దుకునే వ్యవధి దొరకదు. పైగా ప్రయాణం మొదట్లో ట్యాంకులో ఇంధనం ఎక్కువగా ఉంటుంది కాబట్టి, పడితే మంటల ముప్పూ ఎక్కువే.

పోలింగ్ యథావిధిగా జరిగింది. కరీంనగర్‌లో చంద్రశేఖర్‌రావు, పెద్దపల్లిలో కార్మికులు ‘కాకా’ అని పిలుచుకునే జి. వెంకటస్వామి గెలిచారు.

ఆ దశాబ్దంలో ఇలాంటి ప్రయాణాలు నాయకులను వరుసగా బలిగొన్నాయి. 2001 సెప్టెంబరు 30న కాన్పూరు సభకు వెళ్తూ మాధవరావు సింధియా, 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ కూలి లోక్‌సభ స్పీకర్ బాలయోగి, 2005 మార్చి 31న సహారన్‌పూర్ దగ్గర హర్యానా మంత్రులు ఓం ప్రకాశ్ జిందాల్, సురేందర్ సింగ్ కన్నుమూశారు. 2009 సెప్టెంబరు 2న రచ్చబండ కార్యక్రమానికి బయల్దేరిన ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ నల్లమలలో కూలింది; ప్రతికూల వాతావరణంలో చిక్కుకుని అదుపు తప్పిందని విచారణ సంఘం తేల్చింది. సభ వేళకు చేరాలన్న తొందర ఎంతున్నా, బయల్దేరాలా వద్దా అన్నది పైలట్ మాటకే వదలాలి.