పరవాసులే సంఘము

"మా పారిష్‌లో ఇన్ని కుటుంబములున్నవి" అని మనము తరచుగా అంటుంటాము. ఈ పారిష్ అను మాట గ్రీకు భాషలోని "పరోయికియా" నుండి వచ్చినది. దాని అర్థము పరవాసము, అనగా తనది కాని చోట కాపురముండుట. పేతురు తన మొదటి పత్రికలో విశ్వాసుల బ్రదుకును గూర్చి వాడిన మాట ఇదే. నూరేండ్ల పండుగ చేసుకొనుచున్న మనము ఈ పాత పేరును ఒకసారి జ్ఞాపకము చేసుకొనుట మంచిది.

పాత నిబంధనలో పరదేశికి వాడిన హెబ్రీ మాట "గేర్". గేర్ అంటే దారిన పోయే బాటసారి కాడు. వచ్చి మన మధ్య నిలిచినవాడు. కాని అతనికి సొంత భూమి లేదు, పక్షమున మాట్లాడుటకు బంధువు లేడు. అందుచేత ధర్మశాస్త్రము విధవరాలితోను తండ్రిలేని బిడ్డతోను కలిపి అతనిని పేర్కొన్నది. పొలములో మరచిపోయిన పనను ఈ ముగ్గురికి విడిచిపెట్టుమన్నది. ఐగుప్తులో మీరు కూడ ఇట్టి స్థితిలోనే ఉంటిరి గదా అని కారణము కూడ చెప్పినది.

మన తెలుగు సంఘ చరిత్రలో ఈ మాటకు నిదర్శనము బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు. ఆయన 1874లో తిరునల్వేలి సీమలో పుట్టిన తమిళుడు. 1903లో అక్కడి క్రైస్తవులు తమ సొమ్ముతో, తమ మనుష్యులతో సువార్త పని చేయవలెనని ఒక మిషనెరీ సొసైటీని స్థాపించారు. దానిలో ముఖ్యులు అజరయ్యగారే. వారు ఎన్నుకొన్న పొలము నైజాము రాజ్యములోని దోర్నకల్, మానుకోట ప్రాంతము. అంతవరకు ఇతరులను పంపుచు వచ్చిన అజరయ్యగారు 1909లో గురుపట్టము పొంది తామే దోర్నకల్‌కు వచ్చారు. ముప్పది అయిదవ ఏట తెలుగు నేర్చుకొన్నారు. భాష వేరు, ప్రభుత్వము వేరు. పరదేశి అనగానే మనకు తెల్లదొర తలపునకు వస్తాడు. అజరయ్యగారు మన దేశస్థుడై యుండి కూడ ఇక్కడ పరదేశియే.

1910లో స్కాట్లండులోని ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనెరీ మహాసభలో ఆయన మాట్లాడారు. పాశ్చాత్య మిషనెరీల త్యాగమును కొనియాడుతూనే, మాకు స్నేహము కూడ కావలెనని అడిగారు. అప్పటికి తామును మరియొక ప్రజల మధ్య మిషనెరీగా నుండిరి గనుక, ఆ ప్రశ్న ఆయనకు కూడ వర్తించునదే. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన బిషప్పుగా అభిషేకింపబడ్డారు. ఆంగ్లికన్ సంఘములో బిషప్పు అయిన మొదటి భారతీయుడు ఆయనే.

అయితే ఆయన ఎవరి యొద్దకు వచ్చారు? ఎక్కువ మంది మాలలు, మాదిగలు. ఊరు ఒక చోట, వారి పల్లె, గూడెము వేరొక చోట. ఊరి బావి వారిది కాదు, గుడి వారిది కాదు. తాతముత్తాతల నాటి నుండి ఉన్న ఊరిలోనే వారు పరదేశులు. ఒక పరదేశి పరదేశుల యొద్దకు వచ్చుట వలన ఇక్కడ సంఘము కట్టబడినది. సంఘములో చేరినను ఈ రెండు కులముల మధ్య పాత అడ్డుగోడలు వెంటనే కూలలేదు. అందరు ఒకే ప్రభువు బల్లకు రావలెనని అజరయ్యగారు బోధించవలసి వచ్చినది.

దోర్నకల్ కెథీడ్రల్‌ను చూచినవారు దాని గుమ్మటములను, మినారులను మరువరు. అది పరదేశపు నమూనా కాక ఈ నేలలో మొలిచినట్లుండును. అది 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడినది. ఆ దినము ఎపిఫనీ పండుగ, అనగా తూర్పు జ్ఞానులు బాలయేసును చూడవచ్చిన జ్ఞాపకార్థ దినము. వారును పరదేశులే. ఆ పండుగ పేరే ఆలయమునకు నిలిచినది. అజరయ్యగారు 1945 జనవరి 1న దోర్నకల్‌లోనే ప్రభువునందు నిద్రించారు.

నేడు మన బిడ్డలు గల్ఫ్ దేశములలో పని చేయుచున్నారు. అక్కడ తమ భాషలో పలుకరించేవారు ఒక్కరున్నను ఎంత ఆదరణయో వారి ఉత్తరములు, ఫోనులు మనకు చెప్పుచున్నవి. మన ఊళ్ళకు కూడ మిరప కోతలకు ఛత్తీస్‌గఢ్ నుండి, ఇటుక బట్టీలకు ఒడిశా నుండి కుటుంబములు వచ్చుచున్నవి. ఆదివారమున ఆరాధన ముగించి వారి గుడిసెల ప్రక్క నుండియే ఇంటికి పోవుచున్నాము. వారి పేర్లు మనలో ఎందరికి తెలియును? గంట మ్రోగినప్పుడు వారి పిల్లలు గుమ్మము దగ్గర నిలిచి చూచినచో, లోపలికి పిలిచితిమా?

మన పితరులు ఊరి వెలుపల నుండి పిలువబడినవారు. ఆ పిలుపును పొందిన మనము దానిని మరియొకరికి అందించకపోతే నూరేండ్ల పండుగ చేసుకొని ఏమి ప్రయోజనము? పరవాసులమను పేరునకు తగినట్లు నడచుటకు ప్రభువు మనకు సహాయము చేయును గాక.